బూజు మందు

వెంకటరావమ్మ కొడుకు మస్తానరావు టీబీతో పోయాడని ఊరంతా అనుకుంది. అయిదేళ్ళపాటు ఆమె కూడా అలాగే అనుకుంది. రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో, మద్రాసులో ఒక పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, అది నిజం కాదని తెలిసింది.

ఆమెను అక్కడికి పిలిపించింది చెల్లెలు శేషారత్నం. శేషారత్నాన్ని దర్శి దగ్గరి పల్లెలో కోటేష్‌కిచ్చి చేశారు. వాళ్ళ నాలుగేళ్ళ కొడుకు శివరామకృష్ణకి కాలేయంలో చీముగడ్డ లేచింది. ఒంగోల్లో తగ్గలేదు, గుంటూర్లో తగ్గలేదు, చివరికి మద్రాసు తీసుకుపోయారు. అక్కడ పిల్లల వార్డు చూసే డాక్టర్ కనకలక్ష్మి నెల్లూరు మనిషి. ఆమె గడ్డ సంగతి పక్కనపెట్టి శేషారత్నం పుట్టింటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. చిన్నతనంలోనే పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా అంది. ఉన్నారు. శేషారత్నం అన్నలిద్దరూ పాలు తాగే వయసులో పోయారు. అక్క కొడుకు ఆరేళ్ళకి పోయాడు.

"మీ అక్కని ఒకసారి రమ్మనండి," అంది డాక్టరు.

వెంకటరావమ్మ కనిగిరి అవతల మెట్ట పల్లె నుంచి, మొగుడు బుల్లయ్యని వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చింది. ఆమె రక్తం తీశారు. మర్నాడు డాక్టరు ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి, ఒక కన్ను మూసుకుని చూడమంది.

"ఇవి మీ తెల్లకణాలమ్మా. ఒంట్లోకి క్రిమి దూరితే ఇవి దాన్ని మింగి చంపుతాయి. చంపే శక్తి ఉన్నవి ఈ పరీక్షలో నీలంగా మారతాయి. మీవి సగం మారాయి, సగం మారలేదు. ఆ సగం మీకు చాలు, అందుకే మీకేం కాలేదు. మీ చెల్లెలివీ ఇంతే. పిల్లాడివి మాత్రం ఒక్కటీ మారలేదు. వాడి కణాలు క్రిమిని మింగుతాయిగానీ చంపలేవు."

"మా మస్తానుకీ ఇదేనా?"

"అదే అయ్యుంటుంది. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది."

మస్తానుకి మెడ కింద గడ్డలు లేచాయి. కోసి చీము తీస్తే మళ్ళీ లేచాయి. టీబీ అన్నారు. ఏడాదిన్నర ఆ మందులు మింగి మింగి పిల్లాడి మూత్రం ఎర్రబడింది తప్ప గడ్డలు మానలేదు. వెంకటరావమ్మ అత్త ఆమె పాలు మంచివి కావంది. వీధిలో వాళ్ళు తమ పిల్లల్ని ఆ గడపలోకి పంపడం మానేశారు. వాడు పోయాక, ఇంకో బిడ్డని కని ఇలాగే పోగొట్టుకోలేనని ఆమె బుల్లయ్యకి తెగేసి చెప్పింది. బుల్లయ్య మారు మాట్లాడలేదు.

"దీనికి మందుందా?" అని అడిగింది వెంకటరావమ్మ.

"పూర్తిగా నయం చెయ్యడం ఇప్పుడు మనకి అయ్యే పని కాదు. రాకుండా కాపాడే మందులు మాత్రం ఉన్నాయి. ఈ తెల్లమాత్ర చీము పట్టించే క్రిముల్ని ఆపుతుంది. ఈ గుళిక బూజుని ఆపుతుంది. రెండూ రోజూ వెయ్యాలి, ఎప్పటికీ. ఒంట్లో బాగున్నప్పుడే వెయ్యాలి. బాగున్నాడు గదా అని మానితే అంతే సంగతులు. పెంటకుప్పలు, తడిసిన గడ్డి, ముక్కిపోయిన గింజలు, బూజు పట్టిన కాయ, వీటి దరిదాపులకి పోనివ్వకండి."

వెంకటరావమ్మ ఆ తెల్లమాత్రని చేతిలోకి తీసుకుని చూసింది. అది ఆమెకి తెలుసు. విరేచనాలకని వాళ్ళ ఊరి మందుల కొట్లో ఇస్తాడు. ఆమే ఒకటి రెండుసార్లు వేసుకుంది. వాళ్ళింటి గూట్లో, మస్తాను పడుకున్న మంచం పక్కనే, సగం వాడిన అట్ట ఒకటి ఉండేది.

అక్కడున్నవాళ్ళంతా ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఆమె మాత్రం గది బయటికి వచ్చి, కాఫీ గ్లాసు అడ్డంగా పెట్టిన బుల్లయ్య మీద అరిచింది. మెట్ల దగ్గర తోసుకున్న ఎవరినో బూతులు తిట్టింది. రైల్లో సీటు కోసం కొట్లాడింది. ఊళ్ళో దిగి, అత్త ముందు నిలబడి, "నా పాలకేం కాలేదు, ఇన్నావా? నా పాలకేం కాలేదు!" అని వీధి వీధంతా వినేలా అరిచింది. ముసలామెకి చెవుడు. ఏమంటుందో అర్థంకాక నవ్వింది. దాంతో వెంకటరావమ్మకి కడుపు ఇంకా మండింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు శివరామకృష్ణ చెట్టులా ఎదిగాడు. ఇంట్లో ఆ గుళికకి బూజు మందు అని పేరు పడింది. వెంకటరావమ్మ వచ్చినప్పుడల్లా, చెల్లెల్ని పలకరించకముందే, "బూజు మందేశావా?" అని అడిగేది. శేషారత్నం "ఏశానక్కా" అనేది.

రెండువేల అయిదులో మిరపకాయ కళ్ళాల మీద ఉండగా వాన పడింది. మూడు రోజులు ముసురు పట్టింది. పట్టలు కప్పినా కింద నుంచి నీళ్ళు ఊరి కాయంతా తడిసింది. చెల్లెలి పంట ఎలా ఉందో చూద్దామని వెంకటరావమ్మ దర్శిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, సరాసరి కళ్ళానికే పోయింది.

పట్టలు తీశారు. కాయ ఆవిర్లు కక్కుతోంది. ఎర్రగా ఉండాల్సిన కుప్ప మీద అక్కడక్కడా తెల్లగా, బూడిదరంగుగా బూజు తేలింది. మనుషులు ముక్కులకి గుడ్డలు కట్టుకుని కాళ్ళతో కాయని తిరగేస్తున్నారు. తిరగేసినప్పుడల్లా పొగలాగా దుమ్ము లేస్తోంది. ఆ కుప్ప నడినెత్తిన శివరామకృష్ణ ఎగురుతున్నాడు. ముక్కుకి గుడ్డ లేదు. గుప్పెళ్ళతో కాయ తీసి పైకి విసిరి, తలమీద పడుతుంటే కిలకిలా నవ్వుతున్నాడు.

"దిగరా కిందికి! ఒరేయ్ శివుడూ, దిగు!"

ఆ కేకకి కూలీలంతా ఆగిపోయారు. వెంకటరావమ్మ చెప్పులతోనే కుప్పెక్కి, పిల్లాణ్ణి రెక్క పట్టుకుని కిందికి లాగింది. కోటేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏందొదినా, వచ్చీ రాగానే?"

"నీకు బుద్ధుందా కోటేషూ? డాక్టరమ్మ ఏం చెప్పింది? బూజు దగ్గరికి పోనియ్యొద్దని చెప్పిందా లేదా? బూజు కుప్ప నెత్తిన ఎక్కించి ఆడిస్తన్నావే! నువ్వు తండ్రివా, యముడివా?"

కోటేష్ మొహం కందిపోయింది. పదిమంది కూలీల ముందు అతణ్ణి అంత మాట ఎవరూ అనలేదు.

"మందులు ఏస్తన్నాం గదొదినా! రోజూ ఏస్తంటే ఇంకా భయమేంది? ఊళ్ళో పిల్లలంతా ఆడతన్నారు, ఈడొక్కణ్ణే అద్దాలబీరువాలో పెట్టమంటావా?"

"పెట్టు! పెడితే ఏం?"

ఆమె పిల్లాణ్ణి ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. గాబు దగ్గర నిలబెట్టి, తల మీంచి నీళ్ళు కుమ్మరించి, ముక్కులో వేలు పెట్టి మరీ కడిగింది. వాడు ఏడుస్తూ పక్కింటికి పారిపోయాడు. తర్వాత ఆమె వంటింట్లోకి పోయి, మందులు పెట్టే రేకు డబ్బా దించింది. మూత తీస్తే బూజు మందు అట్టలు నిండుగా, ఒక్క గుళికా తియ్యకుండా ఉన్నాయి.

శేషారత్నం పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అక్క చేతిలో అట్టలు చూసి గరిటె కింద పెట్టింది.

"ఆయన్నేం అనకక్కా. ఆయనకి తెలవదు. నేనే ఆపేశా."

"ఎప్పుడు?"

"కోతలు మొదలైనకాడ్నించి."

"ఎందుకే?"

శేషారత్నం గోడవైపు చూస్తూ చెప్పింది.

"వాడికేమైందక్కా? నాలుగేళ్ళల్లో గట్టిగా ఒక జ్వరం లేదు. ఆర్‌ఎంపీ గూడా అన్నాడు, బాగున్న పిల్లాడికి ఇన్ని మందులేందమ్మా, లివరు చెడిపోద్దని. అది సాకేలే. అసలు సంగతి అది కాదు. రోజూ ఆ గుళిక వాడి నోట్లో పెట్టేటప్పుడు, ఈ రోగం నువ్విచ్చిందే అని ఎవరో చెవిలో చెప్పినట్టుంటది. వాడు ఆడుకుంటంటే నాకు అది గుర్తుండదు. గుళిక చేతిలోకి తీసుకుంటేనే గుర్తొస్తది. ఒకరోజు ఇయ్యలేదు. ఏం కాలేదు. రెండోరోజూ ఇయ్యలేదు. నా పానానికి హాయిగా అనిపించిందక్కా."

వెంకటరావమ్మ చెల్లెల్ని లాగిపెట్టి కొట్టింది. చిన్నప్పట్నించీ ఎత్తుకు తిరిగిన పిల్ల. ఏనాడూ చెయ్యి చేసుకోలేదు.

"హాయిగా ఉందంటే! నాకు ఇచ్చుకోడానికి కొడుకే లేడే! ఆ మాత్ర గూట్లో పెట్టుకుని వాణ్ణి మట్టిలో కలిపాను నేను, తెలవక. నువ్వు తెలిసి చేశావే! ఉన్న కొడుక్కి నోట్లో గుళిక పెట్టలేకపోయావంటే నువ్వేం మనిషివే!"

శేషారత్నం చెంప పట్టుకుని, "ఆయనకి చెప్పొద్దక్కా," అని మాత్రం అంది. వెంకటరావమ్మ చెప్తాననలేదు, చెప్పననలేదు. పిల్లాణ్ణి పిలిచి, అన్నం పెట్టి, తన చేత్తో రెండు మందులూ మింగించింది. ఊరికి పోకుండా అక్కడే ఉండిపోయింది.

కానీ అప్పటికే ఆలస్యమైంది. వారం తిరక్కుండానే పిల్లాడికి దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. ఆ తర్వాత ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఊళ్ళో అల్లాబక్షు జీపు మాట్లాడుకుని ఒంగోలు తీసుకుపోయారు. ఆ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే తీయించి దీపానికి పెట్టి చూశాడు. రెండు ఊపిరితిత్తుల నిండా సన్నటి చుక్కలు, నూకలు చల్లినట్టున్నాయి.

"టీబీ లాగుంది. రేపట్నించి మందులు మొదలెడదాం," అన్నాడు.

వెంకటరావమ్మ అతని మీదికి వెళ్ళింది.

"ఆ మాట అనొద్దు! ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఊరుకోను! ఆ మాటన్నోళ్ళే నా కొడుకుని చంపారు! ఈడికి బూజు పట్టింది, బూజు! మద్రాసుకి ఫోన్ చెయ్యండి! మీకేం తెలుసు, చదువుకున్నారా మీరు, పశువుల్ని కాసొచ్చారా?"

ఆ జబ్బు పేరు ఆమె నోటికి ఎప్పుడూ తిరగలేదు. ఆ క్షణాన అసలు గుర్తుకే రాలేదు. బూజు, మిరపకాయ, మస్తాను, నీలం కణాలు అన్నీ కలగలిపి అరుస్తుంటే డాక్టరుకి ఒక్క ముక్క అర్థంకాలేదు. "ఎవరీవిడ? ముందు బయటికి పంపండి," అన్నాడు. ఇద్దరు ఆయాలు ఆమెను చెరో చెయ్యి పట్టుకుని వరండాలోకి తోసి తలుపేశారు. ఆమె తలుపు మీద కొట్టింది. ఎవరూ తియ్యలేదు.

తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూసింది. మంచం పక్కన నిలబడ్డ శేషారత్నం చేతులు కట్టుకుని డాక్టరు ముందుకి వచ్చింది. గొంతు పెంచకుండా చెప్పింది. అయినా మాటలు బయటికి వినిపించాయి.

"అయ్యా, మా పిల్లాడికి పుట్టుకతో జబ్బుంది. ఈడి తెల్లకణాలకి చంపే శక్తి లేదు. మద్రాసులో చెప్పారు. రోజూ వెయ్యమని రెండు మందులిచ్చారు. బూజు మందు నేను రెణ్ణెల్లు వెయ్యలేదు. నేనే ఆపేశాను. వానకి కాయ బూజు పట్టింది, ఆ దుమ్ములో ఆడాడు."

పక్కనే కోటేష్ ఉన్నాడు. ఆ మాట అతను వినడం అదే మొదటిసారి. పెళ్ళాం వైపు ఒకసారి చూసి, గోడకి చేరబడి, అలాగే కిందికి జారి కూర్చున్నాడు. డాక్టరు ఎక్స్‌రేని మళ్ళీ దీపానికి పెట్టాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగదమ్మా," అని, మద్రాసు డాక్టరు ఫోన్ నంబరు అడిగాడు.

ఆ సాయంత్రమే ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో మద్రాసు పంపారు. వెంకటరావమ్మ ముందు సీట్లో కూర్చుంది. దారిపొడుగునా ఆమెకి కోపం ఎవరి మీదో తేలలేదు. చెల్లెలి మీద, మరిది మీద, ఆయాల మీద. తను అరిచిన అరుపులకి తెరుచుకోని డాక్టరు చెవి, చెల్లెలు నెమ్మదిగా చెప్పిన నాలుగు మాటలకి తెరుచుకుంది. అది కూడా ఆమెకి కోపంగానే ఉంది.

మద్రాసులో బూజుని చంపే మందు నరంలోకి ఎక్కించారు. అది ఎక్కుతున్నంతసేపూ పిల్లాడు దుప్పట్ల కింద గడగడా వణికిపోయేవాడు, పళ్ళు టకటకా కొట్టుకునేవి. శేషారత్నం వాడి మీద పడుకుని అదిమిపట్టుకునేది. కోటేష్ ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. ఏం కావాలన్నా వదినతో చెప్పించేవాడు. డాక్టర్ కనకలక్ష్మి మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. "బాగున్న పిల్లాడికి మందెయ్యడమే అన్నిటికన్నా కష్టమమ్మా. మానేసిన తల్లివి నువ్వొక్కదానివే కాదు," అని శేషారత్నంతో అంది. వెంకటరావమ్మకి ఆ మెత్తదనం నచ్చలేదు. కసిరి ఉంటే బాగుండేదనుకుంది.

రెండు నెలల పైచిలుకు పట్టింది. పిల్లాడు బతికాడు. ఒక పక్క ఊపిరితిత్తి కొంత మచ్చ కట్టిపోయింది, మునుపటిలా పరుగెత్తలేడన్నారు. ఇంటికి పంపేరోజు వెంకటరావమ్మ డాక్టరు గదిలోకి ఒక్కతే పోయింది.

"మా మస్తానుకి ఆ రెండు మందులూ వేసి ఉంటే బతికేవాడా?"

"బతికి ఉండొచ్చు. తప్పకుండా బతికేవాడని నేను చెప్పలేను."

"తప్పకుండా చచ్చేవాడని చెప్పగలరా?"

"అదీ చెప్పలేనమ్మా."

ఆమె నమస్కారం కూడా పెట్టకుండా బయటికి వచ్చేసింది.

దర్శి పల్లె చేరాక, ఇంటి అరుగు మీద, కోటేష్ ముందు అడిగింది. "పిల్లాణ్ణి నాకిచ్చెయ్యండి. మా మెట్టలో వానలే పడవు. మిరప లేదు, బూజు లేదు. మందు ఒక్కపూటా తప్పదు. ఇంకొకర్ని నమ్మి నేను ఊళ్ళో నిద్రపోలేను."

కోటేష్ తలూపాడు. "తీసుకుపో వదినా. ఇక్కడ నాకూ నమ్మకం లేదు." అది అతను పెళ్ళాం మొహం చూడకుండా అన్నాడు.

శేషారత్నం పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది.

"ఇయ్యను."

"ఏం మొహం పెట్టుకుని ఇయ్యనంటన్నావే?"

"ఈ మొహమే పెట్టుకుని. నువ్వు కోపంతో ఇస్తావక్కా మందు. వాడు భయంతో మింగుతాడు. మీసాలొచ్చాక నీకెందుకు భయపడతాడు? అప్పుడు ఉమ్మేస్తాడు. వాడి బతుకంతా మింగాల్సిన మందది. నేనే ఇస్తాను. నా చేత్తోనే ఆపాను, నా చేత్తోనే ఇస్తాను."

వెంకటరావమ్మ అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. సంచి తీసుకుని బస్సెక్కింది. ఏడాదిపాటు అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. బుల్లయ్యే కనిగిరి పోయినప్పుడల్లా ఎస్టీడీ బూతు నుంచి కోటేష్‌కి ఫోన్ చేసి, ఇంటికొచ్చి, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు మామూలుగా చెప్పేవాడు. "పిల్లాడు బాగున్నాడంట. కళ్ళాన్ని ఇంటికి దూరంగా చెరువవతలికి మార్చాడంట కోటేషు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటన్నారంట." ఆమె విననట్టే ఉండేది.

మరుసటేడు మిరప కాలంలో మళ్ళీ మబ్బు పట్టింది. వెంకటరావమ్మకి ఇంట్లో కాలు నిలవలేదు. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, మధ్యాహ్నం అన్నాల వేళకి చెల్లెలి గుమ్మంలో దిగింది. శేషారత్నం ఆమెను చూసి ఇంకో కంచం పెట్టింది.

శివరామకృష్ణ పొడుగు సాగాడు. అన్నం కలుపుకుంటూ తల్లితో బళ్ళో జరిగిన క్రికెట్ గొడవ చెబుతున్నాడు. ఎవడో అవుటై కూడా బ్యాటు ఇవ్వలేదట. తల్లి "తర్వాత?" అంటూ అట్ట చింపి కంచం పక్కన పెట్టింది. వాడు కథ ఆపకుండానే గుళిక నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, "తర్వాతేముంది, బ్యాటు లాక్కున్నాం," అన్నాడు. తెల్లమాత్ర కూడా అలాగే పోయింది. ఎవరూ దానివైపు చూడను కూడా చూడలేదు.

వెంకటరావమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంత తేలికా? పప్పన్నంలో నంజుకున్నంత తేలికా? ఇది లేకనా తన కొడుకు మెడంతా కోతలు పడి, చీము కారి, అమ్మా అని పిలవడానికి కూడా ఓపికలేక పోయింది? ఆమె కంచం ముందు నుంచి లేచి, పెరట్లో బర్రెల కొట్టం దగ్గరికి పోయి, చెయ్యి కూడా కడుక్కోకుండా నిలబడింది.

కాసేపటికి శేషారత్నం చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది.

"చెయ్యి కడుక్కో అక్కా."

"నన్ను ముట్టుకోబాకు."

"పోనీ తిట్టు. తిట్టి కడుక్కో."

"ఎవర్ని తిట్టమంటావే? ఎవరున్నారని తిట్టను?"

"ఎవరైతే ఏంది. నన్నే తిట్టు. మస్తాన్ని పోగొట్టుకున్నప్పుడు నేను పక్కన లేను. పెళ్ళి చేసుకుని ఇక్కడ కాయ ఆరబోసుకుంటన్నా. తిట్టు."

వెంకటరావమ్మ మొదలుపెట్టింది. ముందు చెల్లెల్ని తిట్టింది. తర్వాత ఒంగోలు డాక్టర్లని, టీబీ మందుల్ని, గడప తొక్కని వీధివాళ్ళని, చెవిటి అత్తని, నోరు విప్పని బుల్లయ్యని తిట్టింది. కన్న మగపిల్లల్ని చంపుకున్న తన తల్లి రక్తాన్ని, తన రక్తాన్ని, నీలంగా మారని ఆ సగం కణాల్ని పేరుపేరునా తిట్టింది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. కొట్టంలో బర్రె బెదిరి గుంజ చుట్టూ తిరిగింది. శేషారత్నం చెంబు పట్టుకుని అన్నీ విన్నది.

శివరామకృష్ణ చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వచ్చి ఆగిపోయాడు.

"ఎవర్ని తిడతన్నావు పెద్దమ్మా?"

"నీకెందుకురా? పో, బడికి టైమైంది."

వాడు తల్లి వైపు చూశాడు. తల్లి పొమ్మన్నట్టు కళ్ళతోనే చెప్పింది. వాడు సంచి తగిలించుకుని, పరిగెత్తకుండా, మెల్లగా నడిచి వెళ్ళాడు. వెంకటరావమ్మ వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత చెల్లెలి చేతిలోంచి చెంబు లాక్కుని, చెయ్యి కడుక్కుని, ఇంకా మిగిలిపోయినవాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది.